బురద బూట్లతో ఇంటికొచ్చే బిడ్డ

జర్మనీలో ఉంటున్న మన తెలుగు తల్లిదండ్రుల దగ్గర ఈ మధ్య తరచుగా వినిపించే దిగులు ఒకటుంది. పదకొండేళ్ల అమ్మాయో, పద్నాలుగేళ్ల అబ్బాయో బడిలో స్నేహితులు చెప్పారని ఊళ్లోని ప్రకృతి సంరక్షణ బృందంలో చేరతారు. శనివారం పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుని ఊరి పొలిమేరలో ఉన్న నగరపాలిక భూమికి వెళ్తారు. అక్కడ పనికిరాని మొక్కలు పీకుతారు, పొదలు కొడతారు, కోసిన గడ్డి మోస్తారు. వసంతం మొదట్లో రోడ్డు దాటబోయే కప్పల్ని బకెట్లలో పట్టి చెరువు దగ్గర వదులుతారు. మధ్యాహ్నానికి మోకాళ్ల దాకా బురదతో, ఎక్కడలేని ఆకలితో ఇల్లు చేరతారు. కూచిపూడి క్లాసు పోయింది. సోమవారం లెక్కల పరీక్ష ఉంది. ఏమీ అనలేక మనం బూట్లు కడుగుతూ ఉంటాం గానీ లోపల ఒక మాట తిరుగుతూనే ఉంటుంది: ఇంత దూరం వచ్చింది పిల్ల గడ్డి పీకడానికా?

ఈ మాట అనుకున్నందుకు మనం సిగ్గుపడక్కర్లేదు. దాని వెనక ఒక చరిత్ర ఉంది. మనలో చాలామందికి నాన్నో తాతో సేద్యం చేసినవాళ్లే. కలుపు తీశారు, మడి కట్టారు, వాన కోసం మొగులు కేసి చూశారు. ఈ కష్టం తమతోనే పోవాలని ఎకరమో రెండెకరాలో అమ్మి మనల్ని చదివించారు. మనం కంప్యూటర్ ముందు కూర్చున్నామంటే వాళ్లు ఎండలో నిలబడ్డారు కాబట్టే. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డ, పైసా రాని పనికి ఇష్టంగా కొడవలి పట్టుకుంటే గుండె కలుక్కుమంటుంది. అది ప్రేమలోంచి వచ్చిన బాధ. దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు.

కానీ తాతకు ఆ పని తప్పనిసరి, బిడ్డకు అది తనంతట తాను ఎంచుకున్నది. ఆ ఎంపికలో ఏముందో తెలుసుకోకుండా మనం అవుననీ కాదనీ చెప్పకూడదు. ముందు ఆ నేల సంగతి చూద్దాం.

జర్మనీలో చాలా నగరాలకు సొంత పొలాలు ఉండేవి. 1870లలో బెర్లిన్ మురుగునీటికి దారి చూపినవాడు జేమ్స్ హోబ్రెఖ్త్ అనే ఇంజనీరు. ఆయన పథకం ప్రకారం నగరపాలిక చుట్టుపక్కల పెద్ద పెద్ద భూములు కొని, మురుగునీటిని గొట్టాల ద్వారా అక్కడికి తరలించి పొలాలపై పారించింది. నేల ఆ నీటిని వడకట్టేది, పంటలూ పండేవి. మూసీ వెంట మురుగునీటితో పశువులకు గడ్డి పెంచే మళ్లను చూసిన హైదరాబాదు వాళ్లకు ఇది అర్థమవుతుంది. నగరానికి ఉత్తరాన బూఖ్ పక్కన ఉన్న హోబ్రెఖ్ట్స్‌ఫెల్డె దగ్గరి పొలాలకు 1985 దాకా ఆ నీళ్లు పారాయి. నీళ్లు ఆగేసరికి మట్టిలో భారలోహాలు పేరుకుపోయి ఉన్నాయి. నేల ఎండిపోయింది. ఆదరాబాదరాగా చెట్లు నాటితే వాటిలో చాలా భాగం బతకలేదు. ఆ తర్వాత బంకమట్టి తెచ్చి కలిపారు, శుద్ధిచేసిన నీటితో మళ్లీ తేమ తెప్పించారు. 2011 నుంచి అక్కడ గుర్రాలూ మోటు జాతి పశువులూ మేస్తున్నాయి. అవి తిరిగే చోట కొంత అడవి, కొంత పచ్చిక, కొంత చిత్తడిగా ఆ నేల మెల్లగా కోలుకుంటోంది.

పశ్చిమాన మ్యూన్‌స్టర్ నగరానికీ అలాంటి మురుగునీటి పొలాలే ఉండేవి. సైబీరియా, స్కాండినేవియా వైపు నుంచి వలస వచ్చే నీటి పక్షులు ఆ లోతు లేని నీటి మళ్లలో ఆగి కడుపు నింపుకునేవి. 1970లలో కొత్త శుద్ధి కేంద్రం రావడంతో ఆ పొలాల అవసరం తీరిపోయింది. అక్కడ పరిశ్రమలు పెట్టాలన్న ఆలోచనలు సాగుతున్న కాలంలోనే, పక్షుల మీద ప్రేమతో కొందరు యువకులు 1968 నుంచి అక్కడ పరిశీలన కేంద్రం నడుపుతూ వచ్చారు. వాళ్లు పట్టు వదలలేదు కాబట్టే ఈరోజు అక్కడ 200 హెక్టార్లకు పైగా చిత్తడి నేల పక్షులకు మిగిలింది. మీ బిడ్డ శనివారం వెళ్లే చోటు ఇంత పేరున్నది కాకపోవచ్చు. ఊరి చివర నాలుగు పాత ఆపిల్ చెట్లున్న పచ్చిక కావచ్చు. అయినా అక్కడ జరిగేది ఈ కోవకు చెందిన పనే.

ఇప్పుడు బిడ్డ మనసులోకి వెళ్దాం.

ఇక్కడ మన పిల్లలు ఎంత చిన్న వయసులో బరువు మోస్తున్నారో మనకు తెలుసు. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి చివరే ఏ రకం హైస్కూలుకు వెళ్లాలో తేలిపోతుంది. బవేరియాలో జర్మన్, లెక్కలు, పరిసరాల పాఠం కలిపి సగటు 2.33 లోపు ఉంటేనే గిమ్నాజియుమ్ తలుపు నేరుగా తెరుచుకుంటుంది. పదేళ్ల పిల్లకు తన విలువ దశాంశ బిందువు తర్వాతి అంకెల్లో కనిపించడం మొదలవుతుంది. బడి అయ్యాక ఇంకో క్లాసు, అక్కడా ఒక మెడల్, ఒక గ్రేడు. ఎవరి మంచికి మనం ఇన్ని చేస్తున్నామో ఆ బిడ్డకూ తెలుసు. తెలుసు కాబట్టే అలసిపోయానని నోరు తెరిచి చెప్పదు.

ఆ పచ్చికలో మాత్రం ఎవరూ మార్కులు వేయరు. పక్కన పని చేస్తున్నది డెబ్బై ఏళ్ల రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ కావచ్చు, బేకరీలో పనిచేసే అమ్మాయి కావచ్చు. 'నీది అసలు ఏ దేశం?' అన్న ప్రశ్నకు ముందు 'ఆ కొమ్మ కాస్త పట్టుకో' అన్న మాట వస్తుంది. పని పూర్తయ్యాక అందరూ కలిసి బల్ల చుట్టూ కూర్చుని సూప్ తాగుతారు. మనం ఇక్కడ పదేళ్లు ఉద్యోగం చేసినా అతిథుల్లాగే మసలుతాం. మన పిల్లలకు ఆ అతిథి మర్యాద చాలదు. ఇది నా చోటు, నేను లేకపోతే ఇక్కడ ఒక పని ఆగుతుంది అని వాళ్లకు అనిపించాలి. ఆ అవసరం ఆకలి లాంటిది, బుజ్జగిస్తే తీరదు.

దీనితోపాటు మనం ఒప్పుకోవాల్సిన కఠినమైన నిజం ఒకటుంది. ఒక నేల కోసం చెమట పట్టిన మనిషి ఆ నేలకు చెందిపోతాడు. మన బిడ్డలో కొంత భాగం ఈ దేశానిదైపోతుంది. తెనాలి అయినా, కరీంనగర్ అయినా మనకు ఎలా ఇల్లో, ఆ పొలిమేర పచ్చిక తనకు అలా ఇల్లవుతుంది. ఇది మన పెంపకంలో లోపం కాదు. మనం ఇక్కడ కాపురం పెట్టిన రోజే ఈ సంగతి ఖాయమైంది. దాన్ని ఆపాలని చూస్తే బిడ్డ ఆ ప్రేమను మనకు చెప్పడం మానేస్తుందే తప్ప ప్రేమించడం మానదు.

ఇంకో సున్నితమైన విషయం చాలామంది తల్లిదండ్రుల దృష్టికి రాదు. ఈ బృందాలు ఎక్కువగా చేసే పనుల్లో ఒకటి బయటి నుంచి వచ్చి విపరీతంగా పెరిగే మొక్కల్ని తీసేయడం. వాగుల ఒడ్డున గులాబీ రంగు పూలతో నిలువెత్తు పెరిగే ఒక మొక్క ఉంది. దాన్ని జర్మన్లు స్ప్రింగ్‌క్రౌట్ అంటారు. మన తోటల్లో పెంచే బాల్సమ్ పూల జాతిదే. పుట్టింది హిమాలయాల్లో, 19వ శతాబ్దంలో తోటల అందం కోసం యూరప్ తెచ్చుకున్నారు. దాని కాయ ముట్టుకుంటే చిట్లి గింజల్ని మీటర్ల దూరం విసురుతుంది. 2017 నుంచి యూరోపియన్ యూనియన్ హానికర జాతుల జాబితాలో ఉంది. గింజ పట్టకముందే వేళ్లతో సహా పీకేస్తారు, అదీ వరసగా కొన్నేళ్లపాటు. దానికి ఇక్కడ 'ఇండియన్' అన్న పేరు కూడా ఉంది. ఇండియన్ మొక్క, బయటిది, పీకేయాలి. ఈ మూడు మాటలూ ఒకే వాక్యంలో విన్న మన పన్నెండేళ్ల అమ్మాయి ఏమనుకుంటుంది?

పైకి ఏమీ అనకపోవచ్చు. రాత్రి పడుకునే ముందు, దీపం ఆర్పాక అడగొచ్చు: మనమూ బయటి వాళ్లమే కదా అని. అప్పుడు 'ఛ, పిచ్చి మాటలు' అని తోసేయకండి. అంత పెద్ద ప్రశ్న మోసుకుని మన దగ్గరికి వచ్చింది, కూర్చోబెట్టుకుని మాట్లాడదాం. బయటి నుంచి వచ్చిన సర్కారు తుమ్మ మన సీమలో ఎలా చెరువుల్ని, బీళ్లను కమ్మేసిందో చెప్పండి. గుర్రపుడెక్క కుంటల్ని ఎలా మూసేసిందో చెప్పండి. అలాగే, మన పచ్చడిలోని మిరపకాయ అమెరికా ఖండం నుంచి వచ్చిందనీ, అది లేని తెలుగు వంటను ఇప్పుడు ఊహించలేమనీ చెప్పండి. జర్మన్లు ప్రాణంగా చూసుకునే ఆపిల్ కూడా మధ్య ఆసియాలో పుట్టిందే. ఎక్కడి నుంచి వచ్చిందన్న లెక్కతో మొక్కను తీసేయరు, పక్కవాటిని బతకనీయకపోతేనే తీసేస్తారు. అన్నిటికన్నా ముఖ్యంగా, మనుషులు మొక్కలు కారు. మనిషి చూసి, నేర్చుకుని, చేయి కలపగలడు. ఆ శనివారం తను చేసింది సరిగ్గా అదే. ఈ ఒక్క మాట బిడ్డకు అమ్మానాన్నల నోట వినిపించాలి.

ఆ పనిలో దుఃఖమూ ఉంది. దాన్నుంచి బిడ్డను మనం తప్పించలేం. మన తీతువు పిట్టకు దగ్గరి చుట్టం కీబిట్స్ అనే పక్షి ఇక్కడ తడి పచ్చికల్లో నేలమీదే గుడ్లు పెడుతుంది. 1980 నుంచి చూస్తే జర్మనీలో వాటి సంఖ్య దాదాపు పదో వంతుకు పడిపోయింది. క్రెఫెల్డ్ ఊళ్లో 1905 నుంచి ఒక కీటక పరిశీలకుల సంఘం ఉంది, సభ్యుల్లో ఎక్కువమంది ఇష్టం కొద్దీ వచ్చినవాళ్లే. వాళ్లు ఓపికగా పోగుచేసిన లెక్కలు 2017లో ప్రపంచాన్ని కదిలించాయి. 63 రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్లలో ఎగిరే పురుగుల మొత్తం బరువు 75 శాతానికి పైగా తగ్గిపోయింది. పిల్లలు ఇవన్నీ వింటారు. కంచె కట్టి కాపాడిన గూడు నక్క పాలైతే చూస్తారు. నాటిన మొక్క ఎండిపోతే చూస్తారు. ఆ రోజు ఇంటికి వచ్చి మాట్లాడకుండా గదిలోకి వెళ్లిపోతారు.

అలాంటప్పుడు మనకు రెండు మాటలు నోటికొస్తాయి. 'పిట్ట కోసం ఏడుస్తావా' అన్నది ఒకటి, 'అంతా బాగైపోతుందిలే' అన్నది ఇంకొకటి. రెండూ వద్దు. మొదటిది బిడ్డను ఒంటరిని చేస్తుంది, రెండోది అబద్ధమని బిడ్డకు తెలుసు. పక్కన కూర్చుని అన్నం పెట్టండి, ఏం జరిగిందో అడగండి. తర్వాత నెమ్మదిగా నిజమైన ధైర్యం చెప్పొచ్చు. ఆ క్రెఫెల్డ్ లెక్కలు వెలువడిన రెండేళ్లకే, 2019లో, బవేరియాలో 17 లక్షలకు పైగా ఓటర్లు చలిలో వరసలు కట్టి తేనెటీగల కోసం సంతకాలు పెట్టారు, చట్టం మారింది. హోబ్రెఖ్ట్స్‌ఫెల్డెలో మొదట నాటిన చెట్లు చచ్చిపోయాయి గానీ ప్రయత్నం ఆగలేదు. ఓడిపోయిన పనిని మళ్లీ మొదలుపెట్టే పెద్దవాళ్లను దగ్గరగా చూడటం పిల్లలకు దక్కే గొప్ప చదువు. మన ఇళ్లలో మనం గెలుపులే ఎక్కువ చూపిస్తాం, ఓటమిని దాచేస్తాం.

ఒంటి జాగ్రత్తల గురించి మీ భయం సబబే, దానికి తేలికైన దారులున్నాయి. గడ్డిలో గోమార్లుంటాయి. వాటి వల్ల వచ్చే మెదడువాపుకు టీకా ఉంది. బవేరియా, బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లలో చాలా జిల్లాలు ఆ ముప్పు ఉన్న ప్రాంతాలే. రాబర్ట్ కోఖ్ సంస్థ ఏటా పటం విడుదల చేస్తుంది. మీ పిల్లల డాక్టరుతో మాట్లాడి టీకా వేయించండి, ధనుర్వాతం టీకా గడువు కూడా చూసుకోండి. అదే గోమారి తెచ్చే బొరేలియా జబ్బుకు టీకా లేదు, కానీ తొందరగా గుర్తిస్తే మందులతో నయమవుతుంది. అందుకే ఇంటికి రాగానే స్నానం, చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల మడతల్లో వెతకడం అలవాటు చేయండి. కనిపిస్తే నూనె, జిగురు రాయకుండా పట్టకారుతో చర్మానికి ఆనించి మెల్లగా లాగండి. తర్వాత కొన్ని వారాలు అక్కడ ఎర్రటి వలయం వస్తుందేమో గమనించండి. రీజెన్‌బేరెన్‌క్లౌ అనే పెద్ద ఆకుల మొక్క రసం తగిలిన చోట ఎండ పడితే కాలినట్టు బొబ్బలొస్తాయి. దాన్ని పిల్లలు ముట్టకూడదు. బృందానికి బీమా ఉందో లేదో, పిల్లలతో ఎందరు పెద్దలు ఉంటారో మొహమాటపడకుండా అడగండి. మంచి బృందాలు ఈ ప్రశ్నల్ని గౌరవిస్తాయి.

ఇక మన పద్ధతుల సంగతి. మన ప్రేమ మీద ఎవరికీ అనుమానం లేదు, చూసుకోవాల్సింది దాన్ని అందించే తీరునే.

ఈ పచ్చికల్లో పిల్లలు మొదట నేర్చుకునే సంగతి ఒకటి మనల్ని ఆశ్చర్యపరుస్తుంది. పూల మొక్కలు రకరకాలుగా రావాలంటే నేలకు ఎరువు వేయకూడదు. ఏళ్ల తరబడి ఎరువు తిని బలిసిన పొలంలో నాలుగైదు రకాల గడ్డి మాత్రమే ఏపుగా పెరిగి మిగతా అన్నిటికీ వెలుగు అందకుండా చేస్తుంది. అందుకే ఏడాదికి ఒకటి రెండుసార్లు కోసి, కోసిన గడ్డిని అక్కడే కుళ్లనీయకుండా మోసుకుపోతారు. అలా కొన్నేళ్లు చేస్తే నేలలో సారం తగ్గి, ఎన్నో రకాల పూలు తలెత్తుతాయి. మన పిల్లల వారమూ అలాంటి బలిసిన పొలమే. మనం వేసే ప్రతి క్లాసూ మంచిదే. అన్నీ కలిస్తే మాత్రం రెండు మూడు నైపుణ్యాలు ఏపుగా పెరిగి, ఇంకేవో చిన్న ఇష్టాలు వెలుగు లేక ఆగిపోతాయి. వారంలో ఒక పూట ఎరువు వేయకుండా వదిలేద్దాం.

వదిలేయడమంటే నిజంగా వదిలేయడమే. 'సర్టిఫికెట్ ఇస్తారా, సీవీలో రాసుకోవచ్చా' అన్న ప్రశ్నను ఆ పచ్చిక మీదికి తీసుకెళ్లకండి. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టే ముందు బిడ్డను అడగండి. ఆ పని మనకు చూపించుకునే వస్తువయిన రోజు అది తన చేయి జారిపోతుంది. అలాగని చదువును గాలికొదలమనీ కాదు. శనివారం పొద్దున పచ్చికకు, సాయంత్రం లెక్కలకు అని బిడ్డతో కలిసి మాట అనుకోండి. పరీక్షల వారంలో ఒకసారి మానేయాల్సి వస్తే బృందానికి ఫోన్ చేసి చెప్పే బాధ్యత బిడ్డకే ఇవ్వండి. మార్కులు తగ్గాయని శిక్షగా ఆ శనివారాన్ని మాత్రం లాక్కోవద్దు. ఊపిరి పీల్చుకునే చోటును బందీగా పెట్టుకుంటే బిడ్డ చదువుతుందేమో గానీ మనల్ని నమ్మడం మానేస్తుంది.

వీలైతే మీరూ ఒకసారి వెళ్లండి. పర్యవేక్షించడానికి కాదు, పని నేర్చుకోవడానికి. ఏ మొక్క పీకాలో, ఏది ఉంచాలో బిడ్డ మీకు చెప్పాలి. అమ్మకు తెలియనిది తనకు తెలుసన్న సంగతి పిల్లల్ని ఎంత ఎత్తుకు లేపుతుందో చూస్తారు. జర్మన్ సరిగా రాదన్న బెరుకు మీకు ఉండొచ్చు. కొడవలి పట్టడం మీకు వచ్చు కదా. బిడ్డ ముందు ఆ నేర్పును దాచుకోనక్కర్లేదు. సెలవుల్లో ఇండియా వెళ్లినప్పుడు మాల్స్‌తో పాటు తాతగారి ఊరి చెరువు గట్టుకూ తీసుకెళ్లండి. అక్కడి చెట్ల పేర్లు, పిట్టల పేర్లు తాతయ్య నోటనే విననివ్వండి. రెండు నేలల్ని ప్రేమించడం పిల్లలకు భారం కాదు. మనం పోటీ పెడితేనే భారమవుతుంది.

పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఇంకో ప్రశ్న ఎదురుకావచ్చు. బడి ముగిశాక వెంటనే యూనివర్సిటీకి కాకుండా ఒక ఏడాది ప్రకృతి సేవలో గడుపుతానని బిడ్డ అనొచ్చు. ఇది ఊరికే తిరగడం కాదు. 1993 నుంచి చట్టబద్ధంగా ఉన్న సేవా సంవత్సరం. 27 ఏళ్ల లోపు యువతకు పొలాల్లో, అడవుల్లో, పక్షి కేంద్రాల్లో పని ఉంటుంది. నెలకు కొంత చేతి ఖర్చు, ఆరోగ్య బీమా, ఏడాదిలో 25 రోజుల శిక్షణ ఉంటాయి. మీకు పిల్లల భత్యం వస్తుంటే 25 ఏళ్లు నిండే దాకా ఈ కాలంలోనూ వస్తుంది. మీది ఇండియా పాస్‌పోర్టే అయితే నివాస అనుమతి షరతులు ముందే కనుక్కోండి. ఏడాది వృథా అవుతుందని మనకు భయం. తనకేం కావాలో తెలియక చేరిన కోర్సులో పోయే ఏళ్లు దీనికన్నా ఎక్కువ. అయినా ఒక నిజం చెప్పాలి: ఆ ఏడాది తర్వాత మీ బిడ్డ ఇంజనీరింగే చదువుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

నాన్న మనల్ని మట్టి నుంచి తప్పించాడంటే మట్టి మీద కోపంతో కాదు, మన జీవితాన్ని మనం ఎంచుకోగలగాలని. ఇప్పుడు బిడ్డ ఎంచుకుంటోంది. అది మనం ఊహించిన రూపంలో లేకపోయినా, మనకు ఆ పెద్దాయన ఇచ్చిన స్వేచ్ఛే ఇది. ఈ శనివారం బిడ్డ బయల్దేరుతున్నప్పుడు తిండి డబ్బాలో ఇంకో రెండు పులిహోర ముద్దలు ఎక్కువ పెట్టండి, పక్కన పనిచేసేవాళ్లకు కూడా. వచ్చాక ఎన్ని మార్కులకు చదివావని కాకుండా ఈరోజు ఏం చూశావని అడగండి. చెప్పేది పూర్తయ్యే దాకా ఫోన్ పక్కన పెట్టి వినండి. తల్లిదండ్రులుగా ఈ పనిలో మన వంతు ఇంతే. ఇది చిన్నదిగా కనిపించినా, బిడ్డకు మన దగ్గర కావాల్సింది ఎక్కువగా ఇదే.